పాత ఫోన్‌లోని నంబర్లు కొత్త ఫోన్‌కు: సిమ్, బ్లూటూత్, ఫైల్, గూగుల్ – ఏది నమ్మొచ్చు?

నమస్తే అందరికీ. కొత్త ఫోన్ కొన్నంక మనోళ్లు మొదట చేసే పని ఒకటే. పాత ఫోన్‌లోని సిమ్ తీసి కొత్తదాంట్లో వేసి, పేర్లు వచ్చినయా లేదా అని చూసుడు. కొన్ని వస్తయి, కొన్ని రావు. రానివి ఏమైనయో తెల్వదు. అప్పటికే పాత ఫోన్ ఎక్స్‌ఛేంజ్‌కు ఇచ్చేసి ఉంటరు. అందుకే ఈ వీడియోలో ఫోన్ల రివ్యూ లేదు, నంబర్లు ఎక్కించే పద్ధతుల రివ్యూ ఉంది. ఏది ఎంతవరకు నమ్మాలె, ఏది ఎక్కడ దెబ్బ కొడ్తది, ఎందుకు కొడ్తది అనేది చూద్దాం.

పాత ఫోన్ తెర మీద పేరు కనపడుతుందంటే అది ఆ ఫోన్‌లోనే ఉన్నట్టు కాదు. పేర్లు ఉండే జాగలు మూడు: సిమ్ కార్డు, ఫోన్ మెమరీ, జీమెయిల్ అకౌంట్. ఫోన్ ఈ మూడింటినీ కలిపి ఒకే లిస్టుగా చూపిస్తది. మీరు సిమ్ మార్చినప్పుడు సిమ్‌లో ఉన్నవి మాత్రమే వెంట వస్తయి, ఫోన్ మెమరీలో ఉన్నవి అక్కడనే ఉంటయి. పోయినయని అనుకునేటివి చాలావరకు పోలేదు, పాత ఫోన్‌లోనే కూర్చున్నయి.

ఎక్కడున్నయో తెలుసుకునుడు కష్టం కాదు. స్మార్ట్‌ఫోన్ అయితే ఒక పేరు తెరిచి ఎడిట్ నొక్కండి. అది సిమ్‌లో ఉందా, డివైస్‌లో ఉందా, ఏ జీమెయిల్‌లో ఉందా అనేది అక్కడ రాసి ఉంటది. కీప్యాడ్ ఫోన్ అయితే ఆఫ్ చేసి, సిమ్ తీసి, మళ్ల ఆన్ చేయండి. అప్పుడు కనపడే పేర్లన్నీ ఫోన్ మెమరీవి. ఎన్ని పేర్లున్నయో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఈ లెక్క ఆఖరికి అక్కరకు వస్తది, దీన్ని మాత్రం ఎవ్వరూ తప్పించొద్దు.

ముందుగా సిమ్ పద్ధతి. ఊర్లల్లో ఎక్కువమంది నమ్మేది ఇదే, మస్తు ఇబ్బంది పెట్టేది కూడా ఇదే. మామూలు సిమ్ కార్డులో 250 పేర్ల దాకా పడ్తయి, పాత కార్డుల్లో ఇంకా తక్కువ. ఒక పేరుకు ఒక్కటే నంబర్. బాపుకు రెండు నంబర్లుంటే రెండు వేరే పేర్లు అవుతయి, లేకుంటే రెండోది మిగిలిపోతది. ఫోటో, అడ్రస్ ఏవీ పోవు.

అసలు దెబ్బ పేరు పొడవు దగ్గర తగుల్తది. చాలా సిమ్‌లల్లో పేరుకు ఇంగ్లిష్‌లో 14 అక్షరాల చుట్టే జాగ ఉంటది. 'హార్వెస్టర్ డ్రైవర్ జమ్మికుంట' అని ఒకటి, 'హార్వెస్టర్ డ్రైవర్ హుజురాబాద్' అని ఒకటి ఇంగ్లిష్ అక్షరాల్లో సేవ్ చేసుకున్నరనుకోండి. 14 అక్షరాలకు తెగితే రెండూ 'హార్వెస్టర్ డ్రైవ్' దగ్గరనే ఆగిపోతయి, రెండూ ఒకే తీరుగ కనపడ్తయి. వరికోతల టైంల ఏది ఎవరిదో ఎట్ల చెప్తరు? తెలుగు లిపిలో రాసుకున్నోళ్లకు ఇంకా ఇబ్బంది. జాగ దాదాపు సగానికి తగ్గుతది, పైగా ఒత్తు, గుణింతం, సున్న అన్నీ విడివిడిగా లెక్కకు వస్తయి. 'జమ్మికుంట' చూడడానికి నాలుగక్షరాలు. ఫోన్ లెక్కలో తొమ్మిది.

అయినా కీప్యాడ్ ఫోన్‌కు బ్లూటూత్ లేకుంటే, మెమరీ కార్డు లేకుంటే సిమ్ ఒక్కటే దిక్కు. అప్పుడు ఇట్ల చేయండి. పాత ఫోన్‌లో కాంటాక్ట్స్, ఆప్షన్స్‌లో కాపీ అని ఉంటది, 'ఫోన్ నుంచి సిమ్‌కు' పెట్టండి. మూవ్ అని కూడా ఉంటది, దాన్ని ముట్టొద్దు. మూవ్ పెడితే అక్కడ తీసేసి ఇక్కడ పెడ్తది. మధ్యలో సిమ్ నిండితే ఏది పోయిందో ఏది మిగిలిందో తెల్వకుండ అయితది. కాపీ అయినంక సిమ్‌ను కొత్త ఫోన్‌లో వేసి, గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో కింద ఆర్గనైజ్, దాంట్లో సిమ్ నుంచి ఇంపోర్ట్ నొక్కి, మీ జీమెయిల్‌ను ఎంచుకోండి. పేర్లు 600 ఉంటే ఒక్కసారికి కాదు, మూడు సార్లు తిప్పాల్సి ఉంటది. ప్రతిసారి సిమ్ ఖాళీ చేసే ముందు, అవి కొత్త ఫోన్‌లో ఉన్నయని కండ్లతో చూసుకోండి.

సిమ్ గురించే ఇంకో ముచ్చట, దీంట్లో చాలామంది మోసపోతున్నరు. పాత పెద్ద సిమ్ కొత్త ఫోన్ ట్రేలో పట్టదని కంపెనీ స్టోర్‌కు పోయి నానో సిమ్ తీసుకుంటరు, లేదా 5జీ సిమ్, ఈసిమ్ (కార్డు లేకుండ ఫోన్‌లోనే ఉండే సిమ్) తీసుకుంటరు. నంబర్ అదే వస్తది కాబట్టి పేర్లూ వస్తయని అనుకుంటరు. రావు. పేర్లు నెట్‌వర్క్ దగ్గర ఉండవు, పాత కార్డు చిప్‌లో ఉంటయి. మంచి మాట ఏందంటే, బంద్ అయిన పాత సిమ్‌ను కూడా ఫోన్‌లో వేస్తే పేర్లు కనపడ్తయి. సిగ్నల్ రాదు అంతే. అందుకే పాత కార్డును స్టోర్‌లో వదిలిపెట్టి రాకండి, కత్తెరతో కత్తిరించకండి. సిమ్ పిన్ అడిగితే అందాజుగ కొట్టకండి. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే, అంటే సిమ్ తాళం తీసే ఇంకో కోడ్ అడుగుతది, అది పదిసార్లు తప్పు కొడితే కార్డు ఇగ పనికిరాదు.

సిమ్ మార్చిన రోజు ఇంకో చిక్కు కూడా ఉంది. కొత్త సిమ్ చాలు అయినంక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు బంద్ ఉంటయి. ఇది సిమ్ మోసాలు ఆపడానికి పెట్టిన రూలు, మంచిదే. కానీ ఆ రోజే జీమెయిల్‌లోకి లాగిన్ కావాలంటే ఓటీపీ మెసేజ్ రాదు. కాబట్టి జీమెయిల్ పని సిమ్ మార్చక ముందే చేసుకోండి.

బ్లూటూత్ సంగతి తొందరగ చెప్పుకుందాం. కీప్యాడ్ నుంచి ఆండ్రాయిడ్‌కు పోవడానికి ఇది మంచి దారి, పేర్లు కత్తిరించదు. రెండు ఫోన్లలో బ్లూటూత్ ఆన్ చేసి, పెయిర్ చేసి, పాత ఫోన్‌లో కాంటాక్ట్ మీద ఆప్షన్స్, సెండ్, బ్లూటూత్. కొన్నింట్ల 'బిజినెస్ కార్డ్' అని రాసి ఉంటది, అదే ఇది. అవతల ఫోన్ మీద నోటిఫికేషన్ వచ్చిన వెంటనే యాక్సెప్ట్ కొట్టాలె, ఆలస్యమైతే ఫెయిల్ అంటది. వచ్చిన ఫైల్ మీద నొక్కితేనే పేరు కాంటాక్ట్స్‌లోకి ఎక్కుతది, ఊకె వచ్చి పడితే సరిపోదు. కొన్ని కీప్యాడ్ ఫోన్లు ఒక్కొక్కటే పంపుతయి, 300 పేర్లుంటే పొద్దు గూకుతది. 'మార్క్ ఆల్' ఉందేమో ముందే చూడండి. కొత్తది ఐఫోన్ అయితే ఈ దారి లేదు, వేరే ఫోన్ల నుంచి బ్లూటూత్‌లో ఫైళ్లు అది తీసుకోదు.

జియోఫోన్ ఉన్నోళ్లకు ఒక సులువు ఉంది. కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని ఉంటది, దాంట్లో మెమరీ కార్డు ఎంచుకుంటే అన్నీ ఫైల్ అయి కార్డులో పడ్తయి.

ఆ ఫైలే మన మూడో పద్ధతి. దాన్ని వీసీఎఫ్ ఫైల్ అంటరు. మా ఓటు దీనికే ఎక్కువ. ఇంటర్నెట్ అవసరం లేదు, పేరు పూర్తిగా ఉంటది, ఒక పేరుకు నాలుగు నంబర్లున్నా పోతయి. ఫోటోలు లేకుంటే వెయ్యి పేర్ల ఫైల్ కూడా మీరు కెమెరాతో తీసే ఒక్క ఫోటో అంత ఉండదు. పాత ఆండ్రాయిడ్‌లో గూగుల్ కాంటాక్ట్స్, ఆర్గనైజ్, ఎక్స్‌పోర్ట్ టు ఫైల్. శాంసంగ్ కాంటాక్ట్స్‌లో అయితే మూడు గీతలు నొక్కి, మేనేజ్ కాంటాక్ట్స్, ఇంపోర్ట్ ఆర్ ఎక్స్‌పోర్ట్. ఇక్కడ అకౌంట్ అడుగుతది, ఆగి చూడండి. జీమెయిల్ ఒక్కటే టిక్ పెడితే ఫోన్ మెమరీలోవి, సిమ్‌లోవి ఆ ఫైల్‌లోకి రావు. ఫైల్‌ను మెమరీ కార్డులో పెట్టుకోండి, లేదా మీకు మీరే మెయిల్ చేసుకోండి. కొత్త ఫోన్‌లో ఇంపోర్ట్ ఫ్రమ్ ఫైల్ నొక్కితే అయిపోయె.

తెలుగులో పేర్లు రాసుకున్నోళ్లు ఇది జర ధ్యానం పెట్టి వినండి. ఈ ఫైల్‌లో పాత వెర్షన్ 2.1 అని ఒకటుంది, కొత్తవి 3.0, 4.0. పాతదాంట్లో తెలుగు అక్షరాలు నేరుగా ఉండవు. ఒక్కో అక్షరం, ఒక్కో ఒత్తు, ఒక్కో గుణింతం '=ఈ0=బీ0' లేదా '=ఈ0=బీ1' అని మొదలయ్యే తొమ్మిది గుర్తులుగా మారుతది. 'జమ్మికుంట' ఒక్కటే 81 గుర్తులు. ఒక లైన్‌కు 76 దాటొద్దని రూలు ఉంది కాబట్టి ఆ పేరు రెండు లైన్లకు తెగుతది. మంచి యాప్ రెండు లైన్లను కలిపి చదువుకుంటది. నాసిరకం యాప్ కలపదు, అప్పుడు సగం పేరు వస్తది, లేకుంటే పేరు జాగలో ఈ గుర్తులే కనపడ్తయి. అట్ల కనపడితే నంబర్లు పోయినయని కంగారు పడకండి. దిగుమతి అయిన ఆ పేర్లు తీసేసి, అదే ఫైల్‌ను గూగుల్ కాంటాక్ట్స్‌లో ఇంపోర్ట్ చేయండి. మధ్యలో కంప్యూటర్‌లో ఆ ఫైల్ తెరిచి దిద్దుడు మాత్రం చెయ్యొద్దు.

ఇగ గూగుల్ అకౌంట్. ఒకసారి సరిగ్గా పెట్టుకుంటే ఫోన్ పోయినా, నీళ్లల్ల పడ్డా నంబర్లు ఉంటయి. 25,000 పేర్ల దాకా జాగ ఉంది, ఎవరికైనా సరిపోతది. కానీ 'నాకు జీమెయిల్ ఉంది కదా' అంటే కాదు. ఫోన్ మెమరీలో సేవ్ చేసినవి వాటంతట అవి గూగుల్‌కు పోవు. గూగుల్ కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో గూగుల్ కాంటాక్ట్స్ సింక్ సెట్టింగ్స్ తెరిచి, డివైస్ కాంటాక్ట్స్‌ను (ఫోన్ మెమరీలోవి) కూడా సింక్ చేయమనే, అంటే గూగుల్‌కు ఎక్కించమనే బటన్ ఆన్ చేయాలె. నెట్ ఆన్ పెట్టి కాసేపు ఆగి, ఇంకో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి చూడండి. అక్కడ పేర్ల సంఖ్య కనపడ్తది. మొదట కాగితం మీద రాసుకున్న లెక్కతో పోల్చుకోండి. సిమ్‌లో ఉన్నవి ఈ లెక్కలో రావు, వాటిని ఇంపోర్ట్ చేయాలె. అట్లనే సెట్టింగ్స్‌లో 'కొత్త కాంటాక్ట్స్‌కు డిఫాల్ట్ అకౌంట్' అని ఉంటది. అది మీ జీమెయిల్ పెట్టుకోండి, లేకుంటే రేపు సేవ్ చేసేది మళ్ల ఫోన్ మెమరీలో పడ్తది.

దుకాణంలో ఫోన్ కొన్నప్పుడు వాళ్లే ఏదో ఒక జీమెయిల్ తయారుచేసి వేసిస్తరు. అప్పటికి పని అయితది. ఆ పాస్‌వర్డ్ మీకు తెల్వదు, పాస్‌వర్డ్ మర్చిపోతే అకౌంట్ తిరిగి తెరిచే రికవరీ నంబర్ మీది కాదు. తర్వాత ఆ ఫోన్ పగిలిందంటే నంబర్లు గూగుల్ దగ్గర భద్రంగ ఉన్నా మీ చేతికి రావు. పెద్దోళ్లకు ఫోన్ కొనిచ్చేటోళ్లు ఇది తప్పక చూడాలె. అవ్వ పేరు మీద జీమెయిల్ తీసి, పాస్‌వర్డ్ నోట్‌బుక్‌లో రాసి, రికవరీకి కొడుకుదో బిడ్డదో నంబర్ పెట్టండి.

శాంసంగ్ స్మార్ట్ స్విచ్, షావోమీ మి మూవర్, వివో ఈజీషేర్, ఒప్పో, రియల్‌మీ, వన్‌ప్లస్‌ల క్లోన్ ఫోన్ లాంటి యాప్‌లు ఫోటోలు, ఫైళ్లు కూడా మోయడానికి బాగుంటయి. ఒక్క నంబర్ల కోసమే అయితే వీటితో పనిలేదు. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు పోయేటోళ్లకు మూవ్ టు ఐఓఎస్ ఉంది, అది ఐఫోన్ మొదటిసారి ఆన్ చేసి సెటప్ చేసేటప్పుడే కనపడ్తది. ఆ దశ దాటితే ఐఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్ అకౌంట్ కలిపి, కాంటాక్ట్స్ ఆన్ చేసుకోండి, చాలు. సిమ్‌లో నుంచి ఇంపోర్ట్ కూడా కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో ఉంది. కానీ ఐఫోన్ నుంచి సిమ్‌లోకి సేవ్ చేయరాదు.

పాత ఫోన్ డిస్‌ప్లే కనపడ్తుంది, టచ్ పని చేస్తలేదా? ఓటీజీ పిన్ (ఫోన్ చార్జింగ్ జాగలో పెట్టే చిన్న పిన్) కొని, కంప్యూటర్ మౌస్ తగిలించండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర మీద బాణం గుర్తు వస్తది, దాంతో ఎక్స్‌పోర్ట్ దాకా పోవచ్చు.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్ పోయేటోళ్ల కోసం ఒక ముఖ్యమైన మాట. పది అంకెల నంబర్‌ను ఊరికె అట్లనే సేవ్ చేసి ఉంటే, వాట్సాప్ దాన్ని మీ సొంత నంబర్ దేశానిదే అనుకుంటది. దుబాయ్ సిమ్‌తో కొత్త వాట్సాప్ తీసుకుంటే మన నంబర్లకు ముందట 971 ఉన్నట్టు లెక్క కడ్తది, ఇంటోళ్లు ఎవ్వరూ కనపడరు. సౌదీ అయితే 966, ఖతర్ అయితే 974. అందుకే విమానం ఎక్కక ముందే కనీసం ఇంటోళ్ల నంబర్లకు ప్లస్ 91 పెట్టుకోండి. ప్లస్ 91 తర్వాత సున్న ఉండొద్దు. ల్యాండ్‌లైన్ నంబర్లకు కూడా కోడ్ చూసుకోండి. వరంగల్‌కు 0870, కరీంనగర్‌కు 0878. ప్లస్ 91 పెట్టినప్పుడు ముందటి సున్న తీసేసి 870, 878 అని రాయాలె.

అన్నీ వచ్చినంక పేర్లు రెండేసి, మూడేసి కనపడ్తయి. ఒకటి సిమ్‌ది, ఒకటి ఫైల్‌ది. ఆర్గనైజ్‌లో మెర్జ్ అండ్ ఫిక్స్ ఉంది, కలిపేస్తది. 'మెర్జ్ ఆల్' కొట్టకుండ ఒక్కొక్కటి చూసి కలపండి. 'మామ' అని రెండు పేర్లుంటే ఇద్దరు మామలు కూడా కావచ్చు.

పాత ఫోన్ ఇచ్చేసేటప్పుడు జరిగే తప్పు అన్నిటికంటే పెద్దది. కొన్నోడికి మన నంబర్లు ఎందుకని కూర్చొని పేర్లన్నీ డిలీట్ చేస్తరు. ఆ ఫోన్‌లో జీమెయిల్ ఇంకా ఉంటది కాబట్టి అవి కొత్త ఫోన్‌లో కూడా పోతయి. అట్ల జరిగితే కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్‌లో ట్రాష్ చూడండి, 30 రోజుల దాకా అక్కడ ఉంటయి. సెట్టింగ్స్‌లో అన్‌డూ ఛేంజెస్ కూడా ఉంది, 30 రోజుల లోపల ఏ రోజుకైనా వెనక్కి పోవచ్చు. కాకపోతే ఆ మధ్యలో కొత్తగ సేవ్ చేసినవి పోతయి, వాటిని ముందే ఫైల్‌గా తీసుకోండి.

సరైన వరుస ఇది. పేర్లు ముట్టకుండ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు పోయి జీమెయిల్ రిమూవ్ చేయండి, ఆ తర్వాత ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేసే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. రిమూవ్ చేయకుండ, సెట్టింగ్స్‌లోకి పోకుండ పవర్, వాల్యూమ్ బటన్లు ఒత్తి రీసెట్ చేస్తే, కొన్నోళ్లకు ఆన్ చేయంగనే మీ పాత అకౌంటే అడుగుతది. ఆఖరికి ట్రే బయటికి తీసి చూడండి. వీసీఎఫ్ ఫైల్ ఉన్న మెమరీ కార్డు దాంట్లోనే మర్చిపోతే మీ నంబర్లన్నీ వాళ్ల చేతిలో పెట్టినట్టే. కార్డు, పాత సిమ్ తీసుకుని, ఖాళీ ట్రే పెట్టి ఫోన్ ఇవ్వండి.