పరుగు మనిషి పొలానికి వస్తే

శ్రోతలకు నమస్కారం.

మారథాన్‌ పరుగెత్తేవాళ్లో, వందల కిలోమీటర్లు సైకిల్‌ తొక్కేవాళ్లో సెలవు పెట్టి ఇంటికి వస్తారు. ఇల్లంటే పొలమున్న ఇల్లు. వచ్చిన పూటే రెండు మాటలు చెవిన పడతాయి. "ఎంత చిక్కిపోయావమ్మా" అన్నది మొదటిది. "ఊరికే పరుగెత్తి కార్చే చెమటేదో చేలో కారిస్తే పనైనా అవుతుంది కదా" అన్నది రెండోది.

ఈ రెండో మాటకు రెండు రకాలుగా పొరపడేవాళ్లున్నారు. "నా శిక్షణ పాడవుతుంది" అని పనికి దూరంగా మంచమెక్కి కూర్చునేవాళ్లు కొందరు. "నలభై కిలోమీటర్లు పరుగెత్తేవాణ్ణి, నాలుగు సాళ్లు కలుపు తీయలేనా" అని మొదటి రోజే పంచె ఎగ్గట్టి దిగేవాళ్లు ఇంకొందరు. ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండోవాళ్లే. మూడో రోజుకి మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది.

కారణం కండరంలో ఉంది. దూరం పరుగెత్తేవాళ్ల గుండె, ఊపిరితిత్తులు పొలం పనికి ఏమాత్రం తడబడవు. కానీ పరుగులో కాలు ఒకే దిశలో, కొద్దిపాటి మేరలోనే ఆడుతుంది. గొంతుక్కూర్చుని కలుపు తీస్తూ ముందుకు జరిగేటప్పుడు తొడ కండరం పూర్తిగా సాగి, ఆ సాగిన స్థితిలోనే బరువు మోస్తుంది. పార పనిలో నడుము పక్క కండరాలు, ముంజేతులు, అరచేతి పట్టు పనిచేస్తాయి. ఇవన్నీ పరుగులో దాదాపు ఖాళీగా కూర్చునేవే. కండరం సాగుతూ బరువు ఆపే పని అలవాటు లేకపోతే లోపల సన్నని చిట్లింపులు వస్తాయి. ఆ నొప్పి వెంటనే తెలియదు. మరునాడు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య బాగా ముదురుతుంది. అందుకే మొదటి రోజు సాయంత్రం "నాకేం కాలేదు" అన్న మాట ఎవరన్నా నమ్మకండి.

దీనికి విరుగుడు కూడా కండరంలోనే ఉంది. అదే పని ముందు కొద్దిగా చేసి, రెండు మూడు రోజులు ఆగి మళ్లీ చేస్తే రెండోసారి నొప్పి చాలా తగ్గుతుంది. కాబట్టి మొదటి రోజు కలుపు అరగంట చాలు. పార పనైతే ఇరవై నిమిషాలు. నాలుగో రోజుకి గంట, గంటన్నరకు పెంచవచ్చు. ఇంట్లోవాళ్లకు ఇది ముందే చెప్పడం మేలు. లేకపోతే అరగంటకే లేచిపోయారన్న పేరు సెలవంతా వెంటాడుతుంది.

ఒక ప్రమాదం మాత్రం గుర్తుంచుకోవాలి. అలవాటు లేని పని అతిగా చేశాక నొప్పితో పాటు వాపు, నీరసం వచ్చి, మూత్రం టీ డికాక్షన్‌ రంగులోకి మారితే అది మామూలు ఒళ్లునొప్పి కాదు. పగిలిన కండరాల్లోని పదార్థం మూత్రపిండాల మీద పడుతోందన్నమాట. అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లునొప్పులకని ఎండలో, నీళ్లు తగ్గిన ఒంటితో నొప్పి మాత్రలు మింగడం కూడా మూత్రపిండాలకే చేటు.

ఇక లెక్క. ఈ ప్రసంగంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటామంటే ఇదే గుర్తుపెట్టుకోండి. ఎన్ని నిమిషాలు పనిచేశారో రాసుకోండి. ఎంత కష్టంగా ఉందో సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేయండి. రెండూ గుణించండి. వారానికి ఆరు గంటలు, సగటున నాలుగు కష్టంతో పరుగెత్తే మనిషి లెక్క 360 నిమిషాలు ఇంటూ నాలుగు, అంటే 1440. అదే మనిషి ఒక్క రోజు అయిదు గంటలు నాలుగు కష్టంతో కలుపు తీస్తే 1200. ఒక్క రోజులో దాదాపు వారం శిక్షణ! దాని మీద సాయంత్రం "ఈరోజు పరుగు బాకీ ఉంది" అని బూట్లు కట్టుకుంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చెట్టు కింద కూర్చున్న సమయం తీసేసి లెక్క వేయండి, నిజాయితీగా.

చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని ఇక్కడ నమ్ముకోకండి. పార కర్ర గట్టిగా పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలు బిగుసుకుని, గడియారం అడుగున ఉండే కాంతి సెన్సర్‌ రక్తప్రవాహాన్ని సరిగా చదవలేదు. పైగా చిన్న కండరాలు అలిసే పనిలో, కష్టానికి తగ్గట్టు గుండె వేగం పెరగదు కూడా. దానికంటే ఉదయం నిద్ర లేవగానే మంచం మీదే నాడి చూసుకోవడం నయం. మామూలుకంటే ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంటే ఆ రోజు పరుగో పనో ఏదో ఒకటే.

మరి శిక్షణ పాడవదా? పది రోజులకు పాడవదు, ఒక షరతు మీద. పూర్తిగా మానేస్తే రక్తంలోని ద్రవభాగం కొద్ది రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది. ఒళ్లు ఆక్సిజన్‌ వాడుకునే సామర్థ్యం మూడు వారాలకు ఏడు శాతం దాకా పడిపోవచ్చు. కానీ దూరం సగానికి తగ్గించినా, వేగం పరుగులు మాత్రం వదలకపోతే సామర్థ్యం నిలుస్తుంది. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. రోజూ గంట మెల్లగా పరుగెత్తి, వేగం పరుగులు "తిరిగి వెళ్లాక చూద్దాం" అనుకుంటారు. వారానికి రెండు వేగం పరుగులు ఉంచుకోండి. మూడు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, ఆరుసార్లు. ఇంకో రోజు ఎత్తు ఎక్కే దారి మీద 45 సెకన్ల పరుగులు ఎనిమిది. మిగతా రోజుల్లో ఇరవై, ముప్పై నిమిషాలు చాలు. వేగం పరుగు ఉన్న రోజు పొలంలో మేత వేయడం, నీళ్లు పెట్టడం లాంటి నడక పనులు. బరువు పని ఉన్న రోజు పరుగుకు సెలవు. తెల్లవారుజాము చల్లదనం రెండిటికీ కావాల్సిందే కాబట్టి, ఏ పొద్దు ఎవరిదో ముందురోజు రాత్రే ఇంట్లో తేల్చుకోవాలి.

దూరం కొలవడానికి పొలమే కొలబద్ద. నలుచదరంగా ఉన్న హెక్టారు చేనుకు ఒక్కో పక్క వంద మీటర్లు. గట్టు చుట్టూ ఒక్కసారి తిరిగితే 400 మీటర్లు, అంటే సరిగ్గా స్టేడియం ట్రాక్‌ ఒక చుట్టు. నలుచదరం ఎకరమైతే పక్క 63 మీటర్ల చిల్లర, చుట్టూ సుమారు 254 మీటర్లు. నాలుగు చుట్లకు కిలోమీటరు దాటుతుంది. చేను నలుచదరంగా లేకపోతే చుట్టుకొలత ఇంకా పెరుగుతుంది. సన్నగా పొడుగ్గా ఉన్న ఎకరం చుట్టూ 350 మీటర్లు రావడం వింతేం కాదు. కొలతలే వద్దంటే స్వీడన్‌లో 1930లలో గోస్టా హోల్మెర్‌ అనే శిక్షకుడు తీర్చిన ఫార్ట్‌లెక్‌ పద్ధతి ఉంది. ఆ చెట్టు దాకా గట్టిగా, ఆ మలుపు దాకా మెల్లగా, అంతే. అడవి బాటల్లో పుట్టిన పద్ధతి కాబట్టి పొలం దారికి బాగా నప్పుతుంది.

అయితే గట్ల మీద గంటల తరబడి పరుగెత్తకండి. సన్నని గట్టు మీద అడుగులు ఒకే గీత మీద పడతాయి. అలా అడుగు ఇరుకైతే తుంటి నుంచి మోకాలి బయటి పక్కకు దిగే పట్టీ మీద లాగుడు పెరుగుతుంది. మోకాలి బయట పోటు అక్కడి నుంచే మొదలవుతుంది. దుక్కి దున్నిన నేల మీద చీలమండ మడత పడుతుంది. మెత్తటి ఇసుక మీద పరుగెత్తాలంటే గట్టి నేల మీదకంటే 1.6 రెట్లు శక్తి కావాలి, కాబట్టి అక్కడ గడియారం చూసుకుని వేగం పడిపోయిందని దిగులు పడడం అనవసరం. బండి దారి మీద గడ్డి పెరిగిన మధ్య భాగం కంటే, గట్టిపడిన చక్రం జాడే కాలికి నమ్మకమైనది, వాన పడనంతవరకు.

పక్క చేలో మందు కొడుతున్న రోజు ఆ దారిన పోవద్దు. ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి ఆరు నుంచి ఎనిమిది లీటర్ల గాలి పీలిస్తే, గట్టిగా పరుగెత్తే మనిషి వంద లీటర్లకు పైగా లాగుతాడు. మందు కొట్టే మనిషికి ముసుగుంటుంది, మీకుండదు. నూర్పిడి దుమ్ము, మోళ్లు కాల్చిన పొగ విషయంలోనూ అంతే.

కుక్క వెంటపడితే పరుగు ఆపండి. పరుగెత్తేవాళ్లకు చెప్పడానికి కష్టమైన మాటే గానీ, ఆగి, దాని కళ్లలోకి చూడకుండా, వీపు చూపకుండా మెల్లగా వెనక్కి జరగాలి. కరిస్తే సబ్బుతో, ధార కింద, పావుగంట కడిగి అదే రోజు టీకాకు వెళ్లాలి.

చెమట లెక్క కట్టడానికి పొలమున్న ఇంట్లో ఒక మంచి సాధనం ఉంటుంది, బస్తాలు తూచే కాటా. పనికి ముందు, పని అయ్యాక ఒళ్లు తుడుచుకుని, తక్కువ బట్టలతో ఎక్కండి. ముందు 60 కిలోలు, రెండు గంటల తర్వాత 58.8, మధ్యలో తాగింది లీటరు. తగ్గిన 1.2కి తాగిన ఒకటి కలిపితే 2.2 లీటర్ల చెమట, గంటకు 1.1. మధ్యలో మూత్రానికి వెళ్తే ఆ కొలత తీసేయాలి. ఒంటి బరువులో రెండు శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. పోయినదానికంటే ఎక్కువ తాగినా ముప్పే. ఒట్టి నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, అయోమయం వస్తాయి. అప్పుడు "ఇంకో చెంబు తాగు" అనడం మంటలో నూనె పోయడమే. చల్లటి చోటు నుంచి వచ్చినవాళ్లకు ఎండ అలవాటు కావడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అంటే సెలవు అయిపోయే రోజుకి ఒళ్లు సిద్ధమవుతుంది!

బస్తా ఎత్తడంలో పరుగెత్తేవాళ్లు చేసే తప్పు ఒకటుంది. గంటసేపు వంగి కలుపు తీసి, లేచిన వెంటనే బస్తాకు చెయ్యి వేస్తారు. అంతసేపు వంగాక వెన్ను పట్టీలు సాగి వదులుగా ఉంటాయి. లేచి నిటారుగా నాలుగైదు నిమిషాలు నడిచాకే బరువు ఎత్తాలి. నిద్ర లేచిన మొదటి గంటలో కూడా వెన్ను డిస్కులు నీరు పట్టి బిగువుగా ఉంటాయి కాబట్టి అప్పుడూ వద్దు. బస్తాను పొట్టకు ఆనించి ఎత్తి, తిరగాలంటే నడుము తిప్పకుండా పాదాలతో తిరగాలి. అరచేతిలో బొబ్బ లేస్తే పై తోలు పీకకండి, అదే మంచి కట్టు.

ఈ మాటలన్నీ విన్నాక క్లిఫ్‌ యంగ్‌ సంగతేమిటని అడిగేవాళ్లు ఉంటారు. ఆస్ట్రేలియాలో బంగాళదుంపలు పండించే రైతు. 1983లో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌ దాకా 875 కిలోమీటర్ల పోటీని, 61 ఏళ్ల వయసులో, 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో గెలిచాడు. రబ్బరు బూట్లతో గొర్రెల వెంట పరుగెత్తిన అలవాటే తన బలమని చెప్పేవాడు. నిజమే కావచ్చు. కానీ ఆయనది పది రోజుల సెలవు కాదు, జీవితమంతా చేసిన పని. పైగా ఆ పోటీకి ముందు నుంచే దూర పరుగుల సాధనలో ఉన్నాడు. ఈ రెండో సంగతి ఎవరూ చెప్పరు.

పెద్ద స్థాయిలో పోటీపడేవాళ్లకు ఇంకో తలనొప్పి ఉంది. డోపింగ్‌ పరీక్షల జాబితాలో ఉన్న క్రీడాకారులు ప్రతి రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఉదయం 5 నుంచి రాత్రి 11 మధ్య ఏ గంట ఎక్కడ దొరుకుతారో ముందే నమోదు చేయాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే నిషేధం పడుతుంది. ఉదయం ఆరు నుంచి ఏడు ఇంట్లో అని రాసి, అయిదున్నరకే చేలోకి వెళ్లిపోతే అది ఒక తప్పు కిందే లెక్క. సిగ్నల్‌ లేదు, ఫోన్‌ రాలేదు అంటే ఒప్పుకోరు. అందుకే పొలం ఇంటికి నంబరు లేకపోతే మ్యాప్‌ గుర్తులు, మలుపులు, గేటు రంగుతో సహా రాయాలి. అందరూ ఇంట్లో ఉండే నిద్ర వేళ గంటను ఎంచుకోవాలి. తలుపు తట్టింది కొత్తవాళ్లని ఇంట్లోవాళ్లు "లేడు" అని పంపేయకుండా చెప్పి ఉంచాలి. నీరసంగా ఉందని సెలైన్‌ పెట్టించుకోవడం కూడా కుదరదు. ఆసుపత్రి చికిత్సలో భాగంగా తప్ప, 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి ఎక్కించుకోవడం నిషిద్ధం. ప్రాణం మీదకొస్తే ముందు చికిత్స, అనుమతి తర్వాత అడగవచ్చు. పశువుల మందుల అల్మరా జోలికి అసలే పోవద్దు. క్లెన్‌బ్యూటెరాల్‌ పశువులకు దగ్గు, ఆయాసానికి వాడే మందు, మనిషి మూత్రంలో దొరికితే మాత్రం కేసు.

చివరగా నీళ్లు నిలిచిన నేల. పశువుల, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లలో లెప్టోస్పైరా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. అరికాలి బొబ్బ పగిలిన చోటు నుంచి అది లోపలికి వస్తుంది. పరుగెత్తేవాళ్ల పాదాలకు అలాంటి చోట్లకు కొదవ ఉండదు. 1998లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌ సరస్సులో ఈదిన ట్రయాథ్లాన్‌ పోటీదారులకూ, 2000లో బోర్నియో సాహస పోటీలో నదిలో దిగినవాళ్లకూ ఈ జ్వరమే అంటుకుంది. చేలోకి దిగేముందు పుండ్లకు నీరు చేరని పట్టీ వేసి, బూట్లు తొడుక్కోండి. లక్షణాలు ఎక్కువగా అయిదు నుంచి పద్నాలుగు రోజులకు, కొన్నిసార్లు నెలకు బయటపడతాయి. అప్పటికి మీరు పొలం దగ్గర ఉండరు. జ్వరం, పిక్కల నొప్పి, ఎర్రబడ్డ కళ్లు చూసి పరుగు అలసట అనుకునే అవకాశమే ఎక్కువ. వైద్యుడి దగ్గరకు వెళ్లగానే ఫలానా తేదీల్లో చేలో, బురదలో దిగానని మొదటి మాటగా చెప్పండి.