రాయి పడుతుందని ముందే ఎలా తెలిసింది?

[తెర మీద: కొండ పక్కన దారి బొమ్మ. పైన వరసగా రాళ్ళు. ఒక్క రాయి రంగు మాత్రం కాస్త వేరు.]

ఈ బొమ్మ ఒకసారి సరిగ్గా చూడండి. వీడియో ఆపి చూసినా పర్వాలేదు. ఇక్కడున్న రాళ్ళలో ఒకటి ఇంకాసేపట్లో కింద పడబోతోంది. ఏదో చెప్పగలరా?

మా అక్క కొడుక్కి ఐదేళ్ళు. పోయిన సంక్రాంతికి ఇద్దరం పక్కపక్కన కూర్చుని పాత కార్టూన్లు చూస్తున్నాం. వాడి చేతిలో సకినం. తెర మీద ఇలాంటి కొండ రాగానే నమలడం ఆపి, "పిన్నీ, గా రాయి పడతది చూడు" అన్నాడు. అదే పడింది. ఇంకాసేపటికి పుస్తకాల అర వచ్చింది. "గా ఎర్ర పుస్తకం లాగుతడు." అదే లాగాడు. ఎట్ల తెలిసిందిరా అంటే, "అది అతికించినట్టు ఉంది కద పిన్నీ" అన్నాడు.

అతికించినట్టు! వాడు చెప్పింది అక్షరాలా నిజం.

[తెర మీద: రంగులద్దిన కొండ బొమ్మ. దాని మీద పలుచని పారదర్శక షీటు పరుస్తున్న చేతులు.]

కంప్యూటర్లు రాకముందు కార్టూన్‌లో కదలని వాటిని ఒకరు గీసేవారు, కదిలేవాటిని ఇంకొకరు. కొండ, ఆకాశం, ఇల్లు లాంటి బ్యాక్‌గ్రౌండ్‌ని కాగితం మీద నీటిరంగులతో, వెలుగునీడలు చూపిస్తూ తీరిగ్గా వేసేవారు. ఆ సీను అంతటికీ ఆ ఒక్క బొమ్మే. కదిలేవి మాత్రం పారదర్శకమైన సెల్యులాయిడ్ షీట్ల మీద ఉండేవి. వీటినే సెల్స్ అంటారు. సెల్ ముందువైపు ఇంకుతో గీత, వెనకవైపు చదునుగా ఒకే రంగు. దాన్ని బ్యాక్‌గ్రౌండ్ మీద పరిచి, పైనుంచి కెమెరాతో ఒక ఫ్రేమ్, అంటే ఒక్క ఫోటో, తీస్తారు. సెల్ మార్చి ఇంకో ఫ్రేమ్. ఎర్ల్ హర్డ్ అనే అమెరికన్ 1914లో ఈ పద్ధతికి పేటెంట్ కోసం దరఖాస్తు పెట్టాడు.

సినిమాలో సెకనుకి 24 ఫ్రేములు. చాలాసార్లు ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు వాడేవారు కాబట్టి సెకనుకి 12 బొమ్మలు వేసుకోండి. ఏడు నిమిషాల కార్టూన్‌లో ఒక్క పాత్ర తెర మీద ఉన్నంతసేపూ కదులుతూ ఉంటే ఐదు వేల పైచిలుకు బొమ్మలు! అన్నీ చేత్తో గీసి, చేత్తో రంగు నింపినవే.

కింద పడాల్సిన రాయి కూడా సెల్ మీదే ఉండాలి. మిగతా రాళ్ళకి నీటిరంగుల మెత్తదనం ఉంటుంది, దీనికి గట్టి గీత, చదును రంగు. ఎంత ప్రయత్నించినా ఆ తేడా పూర్తిగా పోయేది కాదు. ఇది తయారీలో ఉన్న ఇబ్బంది, ఎవరూ కావాలని పెట్టింది కాదు. కానీ ఆ ఇబ్బంది వల్ల చూసే పిల్లలకి ఒక రహస్యం దొరికింది. తెర మీద ఉన్న పిల్లికి తెలియంది మనకి తెలుసు.

ఈ వీడియోలో నేను చెప్పాలనుకున్నది దీని గురించే. కార్టూన్‌లో గ్యాగ్, అంటే నవ్వించే చిన్న ఘట్టం, అనుకోనిది జరగడమే అని మనం అనుకుంటాం. నాకైతే, ఏం జరగబోతోందో పాత్ర కంటే మనకి ఒక్క క్షణం ముందు తెలియడంలోనే నవ్వంతా ఉందనిపిస్తుంది.

[తెర మీద: ఎడారి, ఎర్రని రాతి స్తంభాలు. అంచు దాటి గాల్లోకి సాగిన చుక్కల గీత.]

అన్నిటికంటే పేరున్న గ్యాగ్ తీసుకుందాం. కొండ అంచు దాటి గాల్లో నిలబడటం.

రోడ్ రన్నర్ అనే పరుగుల పక్షిని వెంటాడే ఆ బక్కజీవిని మా చిన్నప్పుడు మేం తోడేలు అనేవాళ్ళం. అసలు అది అమెరికా ఎడారుల్లో తిరిగే కొయోటీ. వార్నర్ బ్రదర్స్ స్టూడియో కోసం దర్శకుడు చక్ జోన్స్, కథారచయిత మైకేల్ మాల్టీస్ కలిసి ఈ జంటని పుట్టించారు. మొదటి కార్టూన్ 1949లో వచ్చింది.

కొయోటీ పరిగెత్తుతూ అంచు దాటేస్తాడు. పడడు. గాల్లోనే ఇంకో నాలుగడుగులు వేస్తాడు. ఏదో తేడాగా ఉందని ఆగుతాడు. కాలితో కింద తడుముతాడు, ఏమీ తగలదు. అప్పుడు కిందికి చూస్తాడు. చూశాక కూడా వెంటనే పడడు, తలెత్తి మన వైపు చూస్తాడు. చెవులు వాలిపోతాయి. ఆ కళ్ళలో భయం కంటే అలసట ఎక్కువ, "మళ్ళీనా" అన్నట్టు. అప్పుడు పడతాడు. కొన్నిసార్లు ఒళ్ళు ముందు జారిపోతుంది, తల అక్కడే ఉంటుంది, మెడ రబ్బరులా సాగి సాగి ఆఖరికి తల కూడా వెళ్ళిపోతుంది.

ఇక్కడ భూమ్యాకర్షణ ఉంది, కాకపోతే అది పనిచేయాలంటే పడేవాడికి సంగతి తెలియాలి. మనకి ముందే తెలుసు, వాడికి తెలిసేదాకా పతనం ఆగి ఉంటుంది. మనం నవ్వేది ఆ ఎదురుచూపులోనే.

[తెర మీద: పైనుంచి చూస్తున్నట్టు లోయ. చుక్కలా చిన్నదైపోతున్న ఆకారం. అడుగున చిన్న దుమ్ము తెర.]

ఆ తర్వాతి షాట్‌ని కెమెరా పైనుంచి చూపిస్తుంది. కొయోటీ చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయి మాయమవుతాడు. ఒక్క క్షణం ఏమీ ఉండదు. లోయ అడుగున దుమ్ము లేస్తుంది. చక్ జోన్స్ దీన్ని ఫ్రేముల్లో లెక్కపెట్టి పెట్టుకున్నాడు. పడి కనుమరుగవడానికి 18 ఫ్రేములు, అక్కడినుంచి దుమ్ము లేచేదాకా 14 ఫ్రేములు. 13 అయితే నవ్వు రావడం లేదు, 15 అయినా రావడం లేదు, 14కే వస్తోందని ఆయన చెప్పేవాడు. ఒక ఫ్రేమ్ అంటే సెకనులో ఇరవై నాలుగో వంతు! మృదంగం వాయించేవాళ్ళకి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. దెబ్బ పడాల్సిన చోటు కంటే వెంట్రుకవాసి ముందు పడినా తాళం తప్పినట్టే.

ఆ లోకానికి ఇంకొన్ని కట్టుబాట్లు కూడా ఉన్నాయి. జోన్స్ 1989లో వచ్చిన తన పుస్తకంలో వాటిని జాబితాగా రాశాడు. రోడ్ రన్నర్ కొయోటీకి హాని చేయకూడదు, బీప్ బీప్ అని అరవడం తప్ప. కొయోటీకి తగిలే దెబ్బలన్నీ తన చేతకానితనం వల్లో, తను తెప్పించుకునే అక్మీ అనే కంపెనీ సరుకు చెడిపోవడం వల్లో తగలాలి. పక్షి రోడ్డు దిగకూడదు. కొయోటీకి దెబ్బలకంటే అవమానమే ఎక్కువ జరగాలి. ఇది చదివాక నాకు ఆ కార్టూన్ల మీద గౌరవం పెరిగింది. ఎవరూ ఎవరినీ హింసించడం లేదు, ఒకడు తన పట్టుదలతో తానే దెబ్బలు తింటున్నాడు. అందుకే మన మనసు కొయోటీ వైపే ఉంటుంది.

[తెర మీద: బంతి నేలకి తగిలి చపాతీలా నొక్కుకుని, పైకి లేస్తూ కోడిగుడ్డులా సాగుతుంది.]

ఇప్పుడు ఒంటి సంగతి. టామ్ అండ్ జెర్రీలో పిల్లి టామ్ మీద ఇస్త్రీపెట్టె పడితే మొహం ఇస్త్రీపెట్టె ఆకారంలోకి వస్తుంది. తలుపు పడితే కాగితం అవుతాడు. తర్వాతి సీన్లో మళ్ళీ మామూలే. కట్టు కట్టినా ఆ సీను వరకే.

దీని వెనక ఉన్నది స్క్వాష్ అండ్ స్ట్రెచ్, అంటే నొక్కడం, సాగదీయడం. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో యానిమేషన్‌కి 12 సూత్రాలు చెప్పారు, అందులో మొదటిది ఇదే. ఒంటిని ఎంతైనా నొక్కొచ్చు, కానీ లోపలి సరుకు తగ్గకూడదు. వెడల్పు పెరిగితే ఎత్తు తగ్గాలి. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి సగం నింపిన పిండి సంచీని గీయమని చెప్పేవారు. ఎలా వంచినా పిండి అంతే ఉండాలి. అది తప్పితే ఒంట్లోంచి గాలి పోయినట్టు కనిపిస్తుంది, దెబ్బ మీద నమ్మకం పోతుంది.

రెండో సూత్రం మన అసలు విషయానికి ఇంకా దగ్గర. దాన్ని యాంటిసిపేషన్ అంటారు. పని చేసే ముందు దానికి ఎదురు దిశలో ఒక చిన్న కదలిక. పరిగెత్తే ముందు టామ్ వెనక్కి ఒరిగి, కాలెత్తి, ఒక్క క్షణం బిగుసుకుంటాడు. తర్వాత కనిపించడు, దుమ్ము మాత్రమే మిగులుతుంది. మీరు గమనిస్తే చాలాసార్లు పరుగు అసలు గీయనే గీయరు! వెనక్కి ఒరగడం చూసి పరుగుని మనమే పూర్తి చేసుకుంటాం. ఇక్కడా అంతే, మనకి ముందే చెప్పేశారు.

[శబ్దం: పిల్లి నడకకి తగ్గట్టు ఒక్కో అడుగుకి ఒక్కో జైలోఫోన్ స్వరం.]

కళ్ళు మూసుకుని ఇది వినండి. ఎవరో మునివేళ్ళ మీద నడుస్తున్నారని తెలిసిపోయింది కదా. పాత్ర ప్రతి కదలికకీ సంగీతం అతుక్కుని నడిచే ఈ పద్ధతికి మిక్కీ మౌసింగ్ అనే పేరే ఉంది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1940 నుంచి 1958 వరకు ఎంజీఎం స్టూడియోలో 114 టామ్ అండ్ జెర్రీ కార్టూన్లు తీశారు, ఏడు ఆస్కార్లు గెలుచుకున్నారు. వాటిలో మాటలు బాగా తక్కువ. మాటలు చేయాల్సిన పని స్కాట్ బ్రాడ్లీ సంగీతం చేసింది. టామ్ పెట్టే ఆ గావుకేక స్వయంగా హన్నాదే. అందుకే ఇంగ్లీషు ముక్క రాని మా అమ్మమ్మ కూడా డబ్బింగ్ లేకుండానే చూసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేది.

తల మీద బల్బు వెలిగితే ఆలోచన వచ్చినట్టు, చుట్టూ నక్షత్రాలు తిరిగితే దెబ్బ గట్టిగా తగిలినట్టు. ఇలాంటి గుర్తులు పత్రికల బొమ్మల కథల్లోనూ ఉన్నవే, మనకి ఎవరూ నేర్పకుండానే వచ్చేశాయి. 1919లో వచ్చిన ఫీలిక్స్ పిల్లికైతే తోకే ప్రశ్నార్థకంగా మారిపోయేది. ఇక 1958లో టీవీలోకి వచ్చిన యోగి ఎలుగుబంటికి చొక్కా లేకపోయినా మెడలో కాలర్, టై ఎందుకున్నాయంటే, డబ్బు ఆదా. తల, ఒళ్ళు కలిసే చోటు టై కింద దాగిపోతుంది. మాట్లాడేటప్పుడు తలని మాత్రమే కొత్తగా గీస్తే సరిపోతుంది.

[తెర మీద: కుడి అంచున, ప్రొజెక్టర్‌లో ఇరుక్కున్నట్టు అల్లాడుతున్న ఒక వెంట్రుక.]

చూసేవాడికి అన్నీ ముందే తెలుసన్న ధీమాతోనే ఆడుకున్నవాడు అమెరికన్ కార్టూన్ దర్శకుడు టెక్స్ ఏవరీ. గుడ్లు బయటికి పొడుచుకొచ్చి, దవడ నేలకి తగిలే ఆశ్చర్యాలు ఆయన చేతిలోనే పతాక స్థాయికి వెళ్ళాయి. 1952లో తీసిన ఒక కార్టూన్‌లో గాయకుడు పాడుతుంటాడు. తెర అంచున వెంట్రుక అల్లాడుతూ ఉంటుంది. ఆ రోజుల్లో థియేటర్లో ఇది మామూలే, ప్రొజెక్టర్‌లో ఏదో ఇరుక్కుందని జనం విసుక్కునేవారు. అంతలో పాడుతున్నవాడు చెయ్యి చాచి ఆ వెంట్రుకని పీకి పారేసి, పాట కొనసాగిస్తాడు. బయటిదనుకున్నది లోపలిదే! నేను ఎన్నిసార్లు చూసినా ఆ చెయ్యి చాచే క్షణానికి ఒళ్ళు పులకరిస్తుంది.

[తెర మీద: పళ్ళెంలో లడ్డూలు.]

మన హైదరాబాద్‌లో గ్రీన్ గోల్డ్ స్టూడియో తీసిన ఛోటా భీమ్ 2008లో మొదలైంది. దాని కట్టుబాటు లడ్డూ. 1933 నుంచి తెర మీద పొపాయ్ అనే నావికుడికి పాలకూర తినగానే ఎక్కడలేని బలం వచ్చేది, ఇక్కడ ఆ పని లడ్డూ చేస్తుంది. లడ్డూ నోట్లోకి వెళ్ళిందంటే అవతలివాడి పని అయిపోయిందని పిల్లలందరికీ తెలుసు. తెలిసే ఎదురుచూస్తారు.

కంప్యూటర్లో గీసే ఇలాంటి కొత్త కార్టూన్లలో రాయి రంగు తేడా లేదు. కదిలేదీ కదలనిదీ ఒకేలా ఉంటాయి. మావాడు అక్కడ రాయి సంగతి పట్టుకోలేకపోయాడు, కాస్త చిన్నబోయాడు కూడా. అందుకే మళ్ళీ పాతవే పెట్టమన్నాడు.

పెట్టాను. ఎడారి వచ్చింది, పరుగు వచ్చింది, అంచు దాటింది. వాడు సకినం పక్కన పెట్టి, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, గుసగుసగా అంటున్నాడు.

"ఇంకా చూడలే పిన్నీ... ఇంకా కిందికి చూడలే..."

[తెర మీద: గాల్లో నిలబడ్డ ఆకారం. 14 ఫ్రేముల నిశ్శబ్దం. దుమ్ము.]