రైలు అలా బయలుదేరదు

(జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు ఒక పాలిటెక్నిక్ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం. ఫిబ్రవరి 28న రామన్ గారిని తలచుకోవడం మన ఆనవాయితీ. ఆయన గురించి ముందు వక్తలు చక్కగా చెప్పారు. నేను ఈ బల్ల మీద ఉన్న రైలు గురించి చెబుతాను. వెనక వరుసల వారికి కనిపించదేమో, ఇంజను జానెడు పొడవే ఉంది. అసలు రైలును 87వ వంతుకు కుదించిన నమూనా ఇది. ఈ కొలతను హెచ్‌ఓ అంటారు. పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. కడుపులో చిన్న డీసీ మోటారు. దానికి కరెంటు ఆ పట్టాల నుంచే వస్తుంది, 12 వోల్టుల దాకా.

మా నాన్నగారు గుంతకల్లులో గూడ్సు డ్రైవరు. నేను మీలాగే డిప్లొమా చదివే రోజుల్లో ఇలాంటి ఇంజను ఒకటి నా చేతికి వచ్చింది. దాని వేగం తగ్గించడానికి, పెంచడానికి ఒక రియోస్టాట్, అంటే నాబు తిప్పితే నిరోధం మారే పరికరం, బిగించాను. ఒకరోజు నాన్నగారు డ్యూటీ దిగి వచ్చి, లైను పెట్టె గుమ్మం దగ్గర పెట్టి, యూనిఫారం కూడా విప్పకుండా నా పక్కన కూర్చున్నారు. నాబు తిప్పాను. కదల్లేదు. ఇంకొంచెం తిప్పాను. కదల్లేదు. మరికాస్త తిప్పేసరికి ఒక్కసారిగా ఎగిరి దూకింది, చివరి పెట్టె పట్టాలు తప్పి పడిపోయింది. ఆయన నవ్వలేదు. "రైలు అలా బయలుదేరదురా" అన్నారు.

తర్వాత వంటింట్లోంచి నాలుగు అగ్గిపెట్టెలు తెచ్చి, వదులుగా దారాలు కట్టి నేల మీద పెట్టారు. మొదటి దానిని నెమ్మదిగా లాగారు. మొదటి దారం బిగిసింది, రెండో పెట్టె కదిలింది. రెండో దారం బిగిసింది, మూడోది కదిలింది. గూడ్సు బండిలో పెట్టెల మధ్య అలాంటి వదులే ఉంటుంది. డీజిల్ ఇంజనుకు ఎనిమిది నాచ్‌లు, అంటే శక్తి పెంచే మెట్లు, ఉన్నా మొదటి నాచ్ దగ్గర ఓపిక పట్టనివాడు పెట్టెలను కలిపే కప్లింగు తెంచుకుంటాడని చెప్పారు. ఆ రాత్రి నుంచి నేను వెతికింది ఒక్కటే: ఈ చిన్న మోటారుకు ఆ మొదటి నాచ్ ఎలా ఇవ్వాలి?

నా రియోస్టాట్ ఎందుకు ఓడిపోయిందో చూడండి. ఆగి ఉన్న మోటారు ఎక్కువ కరెంటు తాగుతుంది. అర ఆంపియరు అనుకోండి. దారిలో 20 ఓముల నిరోధం ఉంటే 10 వోల్టులు అక్కడే పోతాయి, మోటారుకు మిగిలేది రెండు. అది కదలదు. కొంచెం నిరోధం తగ్గించగానే ఎలాగో కదిలింది. కదిలిన మరుక్షణం కరెంటు 0.2 ఆంపియరుకు పడిపోతుంది. నిరోధం అదే 20కి దగ్గరగా ఉన్నా ఇప్పుడు పోయేది నాలుగు వోల్టులే. మోటారుకు ఎనిమిది అందుతాయి! తిప్పింది వెంట్రుకవాసి, పెరిగింది నాలుగింతలు. దూకక ఏం చేస్తుంది? మన ఇళ్లలో పాత ఫ్యాను రెగ్యులేటరు డబ్బా వేడెక్కేది కదా, ఈ నిరోధం కూడా అలాగే మిగతా శక్తినంతా వేడిగా తగలేస్తుంది.

మందు ఏమిటంటే వోల్టేజీని తగ్గించకపోవడం. మొత్తం 12 వోల్టులూ ఇవ్వాలి, కానీ చిటికెలో ఆపాలి. మళ్లీ ఇవ్వాలి, మళ్లీ ఆపాలి. సెకనుకు వంద సార్లు. ఇలా వచ్చే ప్రతి కరెంటు తాకిడీ ఇరుసులో పట్టేసిన రాపిడిని విడిపిస్తుంది. ఇచ్చే సమయం పెరిగితే వేగం పెరుగుతుంది. దీనినే పీడబ్ల్యూఎం, అంటే పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. హాన్స్ కామెన్‌జిండ్ 1971లో రూపొందించిన 555 టైమరు చిప్పు, దాని వెనక ఒక పవర్ ట్రాన్సిస్టరు, మోటారుకు అడ్డంగా, కరెంటును ఒకే వైపు పోనిచ్చే ఒక డయోడు ఉంటే కంట్రోలరు సిద్ధం. ఆ డయోడు మరిచిపోకండి, లేకపోతే మోటారు వెనక్కి కొట్టే వోల్టేజీకి ట్రాన్సిస్టరు పోతుంది. సరుకంతా కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

ఇక్కడ ఒక బాధ చెప్పుకోవాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఈ కంట్రోలరును తన చేత్తో టంకం వేసి, ఒక విజ్ఞాన ప్రదర్శనకు తీసుకెళ్లింది. ఊరూ పేరూ చెప్పను. న్యాయనిర్ణేతలు వచ్చారు. "ఇది ఆటబొమ్మ కదమ్మా" అని ముందుకు సాగిపోయారు. నాబు తిప్పి చూడలేదు. ఒక్క ప్రశ్న అడగలేదు. థర్మోకోల్ అగ్నిపర్వతానికి బహుమతి ఇచ్చారు. అయ్యా, విద్యుత్ స్కూటరు మోటారుకు కరెంటును తుంచి తుంచి ఇచ్చేదీ ఈ పద్ధతే! ఆ పిల్ల ఇంటికి వెళ్లే దారంతా మాట్లాడలేదు. ఆ మౌనం నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఇక్కడి అధ్యాపకులను చేతులు జోడించి అడుగుతున్నాను: పిల్లలు చేసిన దానిని ఆటబొమ్మ అనే ముందు ఒక్కసారి స్విచ్చి వేసి చూడండి.

ఎక్కడ ఆపాను? తాకిడుల దగ్గర. రెండు తాకిడుల మధ్య విరామంలో తిరుగుతున్న మోటారు తానే జనరేటరు అవుతుంది. అది పుట్టించే వోల్టేజీని కొలిస్తే వేగం తెలుస్తుంది. ఎత్తు ఎక్కుతూ వేగం తగ్గితే, అలా కొలిచే కంట్రోలరు తానే గ్రహించి తాకిడి వెడల్పు పెంచుతుంది. అయితే ఒక హెచ్చరిక: కొన్ని ఖరీదైన ఇంజనుల్లో రోటరులో ఇనుము లేని కోర్‌లెస్ మోటార్లు ఉంటాయి. సెకనుకు వంద తాకిడులకు వాటి తీగ చుట్ట కాగిపోతుంది. వాటికి సెకనుకు ఇరవై వేలు కావాలి, అప్పుడు గుర్రుమనే చప్పుడూ వినబడదు. డిజిటల్ పద్ధతిలో ప్రతి ఇంజనుకూ ఒక సంఖ్య ఉంటుంది, ఒకే పట్టా మీద రెండింటిని వేర్వేరు వేగాలతో నడపవచ్చు. అది మరో రోజు చెప్పుకుందాం. మొదట 555తో చేయండి.

ప్రిన్సిపాల్ గారూ, శనివారాలు ల్యాబులో ఒక బల్ల ఇప్పించండి. సామాను నేను తెస్తాను.

ముందు వరుసలో నోటుబుక్కులో సర్క్యూటు గీసుకుంటున్న అమ్మాయీ, ఇలా రా తల్లీ. ఆ ఫ్యాన్లు కాసేపు ఆపండి బాబూ, చప్పుడు వినాలి. నాబు మీద చెయ్యి వెయ్యి. తిప్పు. ఇంకా నెమ్మదిగా. ఇంజనును చూడకు, మొదటి కప్లింగును చూడు. బిగిసిందా? ఇక అక్కడే ఉంచు. రెండో పెట్టె కదలనివ్వు.