హిట్లర్ కాని వారి గురించి

సభాధ్యక్షులకు, వేదికనలంకరించిన పెద్దలకు, సభికులకు నమస్కారం. 1945 జనవరి 27న సోవియట్ సేనలు పోలండ్‌లోని నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌ను విడిపించాయి. ఆ తేదీని హోలోకాస్ట్ (నాజీలు సాగించిన యూదుల సామూహిక హత్యాకాండ) మృతుల స్మారక దినంగా పాటించాలని ఐక్యరాజ్యసమితి 2005లో తీర్మానించింది. నిర్వాహకులు నాకిచ్చిన అంశం హిట్లర్ దురాగతాలు. 60 లక్షల మంది యూదులను చంపించినవాడి గురించి మీకు కొత్తగా చెప్పవలసింది లేదు కనుక, వారి అనుమతితో, హిట్లర్ కాని వారి గురించి మాట్లాడతాను.

1938 జులైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్ పట్టణంలో 32 దేశాల ప్రతినిధులు యూదు శరణార్థుల గురించి చర్చించడానికి సమావేశమై, సానుభూతి వెలిబుచ్చి, ఆపైన ఎవరి ఇబ్బందులు వారు ఏకరువు పెట్టారు. తమకు జాతి సమస్య లేదని, దాన్ని దిగుమతి చేసుకునే ఉద్దేశమూ లేదని ఆస్ట్రేలియా ప్రతినిధి అన్నాడు. పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్నది చిన్న దేశమైన డొమినికన్ రిపబ్లిక్ ఒక్కటే.

మరుసటి ఏడాది మే 13న సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మందితో హాంబర్గ్ నుంచి క్యూబాకు బయలుదేరింది. వారిలో దాదాపు అందరూ యూదులే. చాలామంది చేతుల్లో ఉన్న, క్యూబాలో దిగడానికిచ్చిన అనుమతి పత్రాలను క్యూబా ప్రభుత్వం ఓడ కదలకముందే రద్దు చేసింది. కెప్టెన్ గుస్టావ్ ష్రోడర్ జర్మనుడే అయినా, యూదుల శుక్రవారం ప్రార్థనలప్పుడు హాలులోని హిట్లర్ చిత్రపటాన్ని తీయించేవాడు. హవానా రేవులో 28 మందిని మాత్రమే దిగనిచ్చారు. ముందే అక్కడికి చేరిన బంధువులు చిన్న పడవల్లో ఓడ పక్కకు వచ్చి, రెయిలింగు దగ్గర నిలబడ్డ తమవాళ్లను పేరుపెట్టి పిలిచేవారు. ఆలోచించండి, భార్య ఓడలో, భర్త పడవలో, మధ్యన నాలుగు నిలువుల నీళ్లు, ఒక కాగితం!

తర్వాత ఓడ అమెరికా తీరం వెంబడి తిరిగింది. ప్రయాణికులు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు తంతి పంపితే జవాబు రాలేదు. విదేశాంగ శాఖ మాత్రం, నిరీక్షణ జాబితాలో మీ వంతు వచ్చేదాకా ఆగండని తెలిపింది. ఆ జాబితా ఏళ్ల తరబడి నిండిపోయి ఉంది. కెనడా కూడా కాదంది. జూన్‌లో ఓడ ఐరోపాకు తిరిగి వెళ్లింది, ఆ ప్రయాణికుల్లో 254 మంది తర్వాత హోలోకాస్ట్‌లో చనిపోయారు. ఓడను తిప్పి పంపడంలో ఏ అధికారీ చట్టం మీరలేదు. మళ్లీ అంటున్నాను, అంతా చట్టప్రకారమే జరిగింది. నాకు కోపం వచ్చేది అక్కడే.

1948లో జాతి నిర్మూలన నిరోధక ఒడంబడిక వచ్చింది. అయినా 1994 ఏప్రిల్‌లో ఆఫ్రికా దేశమైన రువాండాలో టుట్సీ తెగవారి ఊచకోత సాగుతుండగానే, భద్రతామండలి అక్కడి శాంతిసేనను పెంచకపోగా 270కి తగ్గించాలని తీర్మానించింది. అది కూడా పద్ధతి ప్రకారం ఓటేసి చేసిన పనే.

ఇక మన దగ్గరకు వద్దాం. మయన్మార్ నుంచి ప్రాణాలు దక్కించుకుని వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేల మంది హైదరాబాద్ బాలాపూర్ ప్రాంతంలో గుడిసెల్లో బతుకుతున్నారు. 1951 శరణార్థుల ఒడంబడికపై భారతదేశం సంతకం చేయలేదు. జాతి నిర్మూలన ఒడంబడికను 1959లో ఆమోదించినా, దానికోసం ప్రత్యేక చట్టం చేయలేదు. భద్రత గురించి ప్రభుత్వం చెప్పే మాటలు కొట్టిపారేయవలసినవి కావు. అయితే ఎవరిని ఉంచుకోవాలో, ఎవరిని ఎప్పుడు పంపాలో ఒక చట్టం చెప్పాలి గాని, ఆనాటి అధికారి చిత్తం కాదు. ఈ రెండు విషయాలనూ పార్లమెంటులో లేవనెత్తమని మన ఎంపీ గారికి ఒక వినతిపత్రం రాసి తెచ్చాను. బయట బల్ల మీద ఉంటుంది. పూర్తిగా చదివి, సమ్మతమైతేనే సంతకం చేయండి. సెలవు.