ఒకే బస్సు మీద రెండు జెడ్‌లు: హైదరాబాద్ సిటీ బస్సు నంబర్ల కథ

[మొదటి షాట్: సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట బస్టాప్. బస్సులు, హారన్లు, కండక్టర్ కేకలు.]

హాయ్ అండీ. సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడి ఉన్నాను. వెనక ఆ గోల వినిపిస్తోంది కదా, ఎడిటింగ్‌లో తీసేద్దామనుకుని మళ్లీ ఉంచేశాను, ఈ వీడియోకి అదే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు బిక్కమొహం వేసేది సరిగ్గా ఇక్కడే. 5కె, 10హెచ్, 49ఎం, 3కె... నంబర్ అర్థం కాదు, దాని తోక అసలే అర్థం కాదు. పక్కన నిలబడ్డాయనని అడిగితే "అదిగో అదే, ఎక్కెయ్" అంటాడు, మనం ఆ మాట నమ్మాలా వద్దా అని తేల్చుకునేలోపు బస్సు స్టాప్ దాటి ఎక్కడో ముందుకెళ్లి ఆగుతుంది, అప్పుడు పరుగు.

అందుకని ఇవాళ ఒక్క నంబర్ పట్టుకుని మొదలుపెడదాం. 7జెడ్.

[స్క్రీన్ మీద: పాత డబుల్ డెక్కర్ ఫొటో. బోర్డు మీది జెడ్‌కి ఒక ఎర్ర సున్నా, నంబర్ ప్లేట్ మీది జెడ్‌కి ఇంకొకటి.]

కాస్త వయసున్న హైదరాబాదీల దగ్గర 7జెడ్ అనండి చాలు, రూట్ గురించి కాదు, పైన ముందు సీటు గురించి చెప్తారు. ఆ సీటు కోసం జరిగిన కొట్లాటల గురించి చెప్తారు. జూపార్క్ దగ్గర బయల్దేరి హైకోర్టు, అఫ్జల్‌గంజ్, ఆబిడ్స్, బషీర్‌బాగ్, లిబర్టీ, ట్యాంక్‌బండ్, రాణిగంజ్ మీదుగా సికింద్రాబాద్ చేరేది. ఒక్క టికెట్ మీద మూసీ దాటేస్తాం, హుస్సేన్‌సాగర్ గాలి తినేస్తాం.

ఆ బస్సు మీద రెండు జెడ్‌లుండేవి. బోర్డు మీది జెడ్ తేలిక, జూ అని. నెహ్రూ జూలాజికల్ పార్క్ తెరిచింది 1963లో, అంటే ఆ తోక వయసు అంతకు మించదు. ఇక నంబర్ ప్లేట్ మీది జెడ్. ఏపీ 11 జెడ్, టీఎస్ 08 జెడ్, ఇలా ఉంటుంది చూడండి, అద్దె బస్సులు వదిలేస్తే ఆర్టీసీ సొంత బస్సులకి అదే గుర్తు. ఇక్కడే కాదు, కర్నూల్‌లో చూసినా, వరంగల్‌లో చూసినా అంతే. దానికీ జూకీ ఏ సంబంధం లేదు. ఆ కథ చివర్లో చెప్తాను, స్కిప్ చేసి వెళ్లకండి.

[పాత ఫొటోలు: నిజాం కాలం రైల్వే, ఆల్బియన్ బస్సు]

1932, జూన్ 15. హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ బస్సులు రోడ్డెక్కిన రోజు. తమాషా ఏంటంటే, వాటిని నడిపింది బస్సు కంపెనీ కాదు, రైల్వే. అప్పటిదాకా ఇంగ్లండ్ కంపెనీ చేతిలో ఉన్న రైల్వేని నిజాం ప్రభుత్వం 1930లో కొనేసింది. రెండేళ్లు తిరిగేసరికి దానికి రోడ్డు విభాగం తగిలించారు, పేరు నిజాం స్టేట్ రైల్ అండ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్. పేరు ఇంత పొడుగు, చేతిలో ఉన్నవి మాత్రం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ రోజుల్లో దేశమంతా రైల్వేలకి పట్టుకున్న టెన్షన్ ఒక్కటే, పట్టాల పక్కనే ప్రైవేటు బస్సులు దిగి జనాన్ని లాగేసుకుంటున్నాయని. రైలూ బస్సూ ఒకే ఇంట్లో ఉంటే ఆ గొడవ ఉండదు, పైగా రైలు దిగినవాణ్ని మన బస్సే ఇంటిదాకా దింపుతుంది. ఇవాళ్టికీ సిటీలో సగం రూట్లు స్టేషన్ చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించడం ఊరికే కాదన్నమాట.

సరే, బస్సులొచ్చాయి, బస్టాండ్ కావాలి. గౌలిగూడలో ఒక పెద్ద రేకుల షెడ్డుండేది. మామూలు షెడ్డు కాదు, విమానాలు పెట్టుకునే హ్యాంగర్, మిసిసిపీ హ్యాంగర్ అనేవాళ్లు. దాన్నే బస్టాండ్ చేసేశారు! విమానం కోసం కట్టిన కప్పు కింద అరవై ఏళ్లకు పైగా మన బస్సులు నిలబడ్డాయి. 1994లో మూసీ మధ్య ఇమ్లిబన్‌లో మహాత్మా గాంధీ బస్ స్టేషన్ కట్టాక దూరపు బస్సులు అటు వెళ్లిపోయాయి, పాత షెడ్డు సిటీ బస్సులకి మిగిలింది. 2018 జూలై 5 తెల్లవారుజామున అది మొత్తం కుప్పకూలింది. అదృష్టం, లోపల ఎవరూ లేరు. ఆ పొద్దున వచ్చిన ఫొటోలు చూస్తే నాకైతే ఎవరో తెలిసిన పెద్దాయన పోయినట్టే అనిపించింది, ఎండాకాలం ఆ రేకుల కింద ఎంత తిట్టుకున్నా సరే.

మధ్యలో చేతులు మారిన సంగతి గబగబా చెప్పేస్తాను. 1951 నవంబర్‌లో బస్సులు రైల్వే నుంచి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం కిందికొచ్చాయి, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ పుట్టింది. రాష్ట్రం విడిపోయాక ఇక్కడిది టీఎస్ ఆర్టీసీ, 2024 నుంచి టీజీఎస్ ఆర్టీసీ. అయిపోయింది.

ఇప్పుడు అసలు విషయం, రూట్లు.

[మ్యాప్: సికింద్రాబాద్ దగ్గర ఒక చుక్క, కోఠి-అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక చుక్క. మధ్యలో గీతలు ఒక్కొక్కటిగా పడాలి.]

నులక మంచం అల్లడం చూశారా? ఈ పట్టె నుంచి ఆ పట్టెకి తాడు వేస్తూ పోతారు. పాత హైదరాబాద్ బస్సు మ్యాప్ అచ్చంగా అదే. ఒక పట్టె సికింద్రాబాద్, అక్కడ స్టేషన్, కంటోన్మెంట్. రెండో పట్టె కోఠి, అఫ్జల్‌గంజ్, అక్కడ ఉస్మానియా ఆసుపత్రి, బేగంబజార్ హోల్‌సేల్ కొట్లు, నయాపూల్ దాటితే హైకోర్టు, చార్మినార్. వైద్యానికైనా, సరుకులకైనా, కేసు వాయిదాకైనా రావాల్సింది ఇక్కడికే కాబట్టి కుషాయిగూడ నుంచి 3కె కూడా అఫ్జల్‌గంజే వస్తుంది.

నంబర్ అంటే చెట్టు కాండం, తోకలో అక్షరం కొమ్మ. చాలాసార్లు ఆ కొమ్మ ఎటు పోతుందో ఆ అక్షరమే చెప్పేస్తుంది. 113ఎం ఉప్పల్ నుంచి మెహదీపట్నం, ఎం అంటే మెహదీపట్నం. 127కె కోఠి నుంచి కొండాపూర్. 218డి అంటే పటాన్‌చెరు నుంచి దిల్‌సుఖ్‌నగర్. బాగుంది కదా, సూత్రం దొరికేసిందని సంబరపడి 5కె ఎక్కండి, మెహదీపట్నంలో దింపుతుంది! 49ఎం కూడా సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నమే. రెండూ ఒక చోటే మొదలు, ఒక చోటే ఆఖరు, దారులే వేరు. 5కె ట్యాంక్‌బండ్, లక్డీకాపూల్ మీదుగా పోతుంది, 49ఎం బేగంపేట మీదుగా. పొద్దున తొమ్మిదింటికి ఏది ఎక్కావన్న దాని మీదే ఆఫీసులో నీ మొహం ఆధారపడి ఉంటుంది.

[క్లోజప్: టికెట్ వెనక పెన్నుతో రాసిన అంకె]

ఒక్క నిమిషం, ఇది చెప్పకుండా పోలేను. చిల్లర. వందో రెండొందలో ఇస్తే కండక్టర్ టికెట్ వెనక పెన్నుతో మిగతాది రాసిస్తాడు, "దిగేటప్పుడు తీసుకోండి" అని. పంచ్ కొట్టే టికెట్ల రోజులు పోయి, టికెట్ ప్రింట్ చేసిచ్చే టిమ్ మెషీన్ వచ్చాక కూడా ఆ పెన్ను మాత్రం పోలేదు. టికెట్‌ని వేళ్ల మధ్య గట్టిగా పట్టుకుని, దారంతా మర్చిపోకూడదు మర్చిపోకూడదు అనుకుంటూ, చివరికి రద్దీలో తోసుకుని దిగి, బస్సు కదిలాక గుర్తొచ్చి... నాకు ఇలా పోయినవన్నీ కూడితే ఒక నెల పాస్ వచ్చేది. తప్పు నాదే, ఎవర్నీ అనను.

స్టాపుల పేర్లు ఇంకో లోకం. సికింద్రాబాద్‌లో సంగీత్ థియేటర్ కూల్చేసి ఏళ్లయింది, కండక్టర్ ఇప్పటికీ "సంగీత్, సంగీత్ దిగాలి" అంటాడు. లక్డీకాపూల్ అంటే కట్టె వంతెన, ఆ కట్టె ఎవరికి కనబడింది? ఉర్దూ రానివాళ్లు కూడా రోజుకి రెండుసార్లు ఆ మాట అంటారు.

[మ్యాప్: పడమటి వైపు కొత్త గీతలు]

మంచం నులక పడమటికి సాగింది ఆ తర్వాత. పటాన్‌చెరు, బీహెచ్ఈఎల్ వైపు ఫ్యాక్టరీల కోసం బస్సులు ముందు నుంచీ ఉన్నాయి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మాదాపూర్, కొండాపూర్ కొత్త పట్టె అయిపోయాయి. 10హెచ్ సికింద్రాబాద్‌ని అటు కలిపింది, 127కె కోఠిని కలిపింది. నా దృష్టిలో ఇంకా పెద్ద మార్పు 300. ఉప్పల్ నుంచి ఎల్బీనగర్, ఆరాంఘర్ మీదుగా మెహదీపట్నం వెళ్తుంది, సికింద్రాబాద్‌నీ తాకదు, కోఠినీ తాకదు. అంటే పట్టెలతో పనిలేని ప్రయాణికులు ఒక బస్సుకి సరిపడా తయారయ్యారు, ఊరి అంచు నుంచి ఊరి అంచుకి.

2008లో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాద్ వెళ్లింది, దాని కోసం ఇప్పుడు పుష్పక్ ఏసీ బస్సులున్నాయి. 2017 నవంబర్‌లో మెట్రో వచ్చింది, ఇక బస్సుల పని అయిపోయిందన్నారు. 2020లో తెరిచిన మెట్రో లైన్ ఎక్కడి నుంచి ఎక్కడికి? జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్, అంటే జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఇందాకటి మహాత్మా గాంధీ బస్ స్టేషన్. రెండు చివర్లకీ బస్టాండ్ల పేర్లే! సికింద్రాబాద్ వైపు ఒకటి, మూసీ వైపు ఒకటి, అవే పాత పట్టెలు. దానికి కొన్ని నెలల ముందు, 2019లో 52 రోజుల సమ్మె జరిగింది, బస్సు లేని హైదరాబాద్ ఎలా ఉంటుందో ఆటో మీటర్లు అందరికీ చూపించాయి. 2023 డిసెంబర్ 9 నుంచి సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం, జీరో టికెట్ ఇస్తారు. ముందు సగం లేడీస్, వెనక సగం జెంట్స్ అన్న పాత సరిహద్దు ఇప్పుడు వెనక్కి, ఇంకా వెనక్కి జరుగుతోంది. మగాళ్లు సణుగుతున్నారు, నేను కూడా సణిగాను. మా అమ్మ మాత్రం అత్తాపూర్‌లో ఉన్న చెల్లెలి దగ్గరికి ఇదివరకు నెలకోసారి వెళ్లేది, ఇప్పుడు వారానికోసారి వెళ్తోంది.

మరి 7జెడ్ డబుల్ డెక్కర్? 2000ల మొదట్లో వెళ్లిపోయాయి. పైఅంతస్తుకి వేరే కండక్టర్ కావాలి, మెయింటెనెన్స్ ఖర్చు, దానికి తోడు ఫ్లైఓవర్లు. 2023 ఫిబ్రవరిలో నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు దింపింది, చూడ్డానికి బాగున్నాయి, కానీ అవి హుస్సేన్‌సాగర్ చుట్టూ ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లని తిప్పేవి. జూ నుంచి సామానుతో, పిల్లలతో, టిఫిన్ క్యారియర్‌తో ఎక్కే బస్సు కాదు.

[చివరి షాట్: ముషీరాబాద్ బస్ భవన్. పాత ఆల్బియన్ బస్సు. కెమెరా మెల్లగా కిందికి దిగాలి.]

ఇక మాటిచ్చిన రెండో జెడ్. ముషీరాబాద్ బస్ భవన్‌లో 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి దాచి ఉంచారు. ఆర్టీసీలో తరాలుగా చెప్పుకునే కథ ఇది: ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ బస్సులకి తన తల్లి జహ్రా బేగం పేరు పెట్టాలనుకున్నాడట, ప్రభుత్వ బస్సులకి మనిషి పేరు కుదరదన్నారట, అయితే ఆమె పేరులో మొదటి అక్షరం అన్నా ఉండనీ అన్నాడట. ఇంగ్లీషులో ఆ అక్షరం జెడ్. ప్లేట్ మీద ఏపీ పోయి టీఎస్ వచ్చింది, టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆ చివర ఉన్న జహ్రా బేగం జోలికి మాత్రం ఇప్పటిదాకా ఎవరూ వెళ్లలేదు.