గుంత మూత తీసేముందు: గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజను పనులు

హోస్ట్: నమస్కారం. జూన్‌లో తోతాపురి మామిడి లారీలు చిత్తూరు ఫ్యాక్టరీల ముందు వరస కట్టేలోపల చెయ్యాల్సిన పనుల గురించి ఈ ఎపిసోడ్. అన్నా, ముందు ఒక గందరగోళం తీర్చండి. లేబర్ ఆఫీసు అంటే అన్నీ అక్కడే చూస్తారనుకుంటాం కదా?

అతిథి: చాలామంది అట్లే అనుకుంటారు. మంత్రిత్వం ఒకటే, ఆఫీసులు వేరే. కూలి, పనిగంటలు, పరిహారం కార్మిక శాఖ చూస్తుంది. యంత్రాలకి కంచె ఉందా, గుంతల్లోకి మనుషుల్ని ఎట్లా దించుతున్నారు, ఇవి ఫ్యాక్టరీల శాఖ పని. బాయిలర్ తనిఖీకి మళ్ళీ ఇంకో ఆఫీసు. మార్చి 4న జాతీయ భద్రతా దినం జరుపుతారు. ఆ వారంలోనే ఎఫ్లుయెంట్ గుంతల, అంటే ఫ్యాక్టరీ మురికినీళ్ళు చేరే గుంతల పని ప్లాను వేసుకోండి. సీజను నెత్తిమీదికొచ్చినాక చేస్తే తొందర పుడుతుంది, ఆ తొందరలోనే ప్రాణాలు పోతాయి.

హోస్ట్: బాయిలర్ కంటే గుంతకే మీరు ఎక్కువ భయపడుతున్నట్టున్నారు.

అతిథి: అవును. బాయిలర్ అంటే అందరికీ భయమే, దగ్గరికి పోయేటప్పుడు జాగ్రత్తగానే పోతారు. గుంతని చూసి ఎవరూ భయపడరు. 2018 మార్చిలో పలమనేరు మండలం మొరంలో ఒక కోళ్ళ హేచరీ గుంతలో ఏడుగురు పోయారు. ఇట్లాంటి చోట్ల ఒకడు దిగి పడిపోతాడు, వాణ్ణి లాగడానికి ఇంకొకడు దిగుతాడు, ఆ వెనకాలే మూడోవాడు.

హోస్ట్: మామిడి గుజ్జు నీళ్ళే కదా, అంత విషం యాడ నుంచి వస్తుంది?

అతిథి: ఆ నీళ్ళలో చక్కెర, పీచు, తొక్క ముక్కలు ఉంటాయి. సీజను అయిపోయి నెలల తరబడి కదలకుండా నిలిచిపోతే అడుగున బురద పేరుకుని గాలి లేకుండా కుళ్ళుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్ పుడతాయి. సల్ఫైడ్ గాలికంటే కొంచెం బరువు, కిందే నిలుస్తుంది. మొదట కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది. కానీ పది లక్షల భాగాల్లో సుమారు 100 భాగాలకి, అంటే 100 పీపీఎంకి చేరితే ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలీదు. వాసన పోయింది, గ్యాసు పోయిందిలే అనుకుని దిగుతారు. అది చంపే దశ తమ్ముడూ.

హోస్ట్: పాతకాలంలో బావిలోకి దీపం దించి చూసేవాళ్ళు.

అతిథి: ఇక్కడ ఆ పని చెయ్యబాకండి. దీపం ఆరితే ఆక్సిజన్ తగ్గిందని తెలుస్తుంది, అంతే. సల్ఫైడ్ సంగతి చెప్పదు. మీథేన్ ఉంటే గుంతే పేలుతుంది. ఆక్సిజన్, మండే వాయువు, సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్ చూపే నాలుగు గ్యాసుల డిటెక్టర్ మీటరు కావాలి. ముందు బయట మంచి గాలిలో ఆన్ చేసి సున్నా చేసుకోవాలి. కాలిబ్రేషన్, అంటే సరిచూసుకునే తేదీ దాటిపోయిన మీటరుని నమ్మకూడదు. దాని గొట్టం పైన, నడుమన, అడుగున, మూడు చోట్లా దించాలి. గొట్టంలోంచి గాలి మీటరు దాకా రావడానికి టైము పడుతుంది కాబట్టి ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగాలి. చాలామంది పైన ఒకసారి చూసి సరే అనేస్తారు, గ్యాసు ఉండేదేమో అడుగున. ఆక్సిజన్ 19.5 శాతం నుంచి 23.5 శాతం మధ్య ఉండాలి. మండే వాయువు, పేలడానికి కావాల్సిన కనీస మోతాదులో పదో వంతు దాటకూడదు. సల్ఫైడ్ 10 పీపీఎం లోపల ఉండాలి.

హోస్ట్: మీటరు బాగుందని చూపిస్తే దిగొచ్చా?

అతిథి: బురద కదిలిస్తే బుడగలు లేస్తాయి. రీడింగ్ నిమిషంలో మారిపోతుంది. అందుకే మీటరు దిగే మనిషి బెల్టుకే ఉండాలి, పని జరిగినంతసేపూ. గాలి ఊదే బ్లోయర్ గొట్టం అడుగుదాకా పోవాలి. మూత దగ్గర పెడితే పైగాలే తిరుగుతుంది. ఇంకో ప్రమాదకరమైన అలవాటుంది, వెల్డింగ్ షాపు ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి లోపలికి వదలడం. ఆక్సిజన్ ఎక్కువైతే గుడ్డలే భగ్గుమంటాయి. మూతికి తువ్వాలు కట్టినా, దుమ్ము మాస్కు పెట్టినా గ్యాసు ఆగదు. లోపలికి దించే లైటు 24 వోల్టులు దాటకూడదు, పాత ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది ఈ మాట. అసలు ముందు అడగాల్సింది మనిషి దిగాల్సిన పనేనా అని. పంపుతో, సక్షన్ ట్యాంకరుతో బురద లాగేస్తే ఎవరూ దిగాల్సిన అవసరమే రాదు.

హోస్ట్: దిగక తప్పకపోతే?

అతిథి: ఒంటినిండా పట్టే హార్నెస్, దానికి తాడు, పైన మూడు కాళ్ళ స్టాండు, దానికి తాడు చుట్టి లాగే వించ్. నడుముకి తాడు కడితే స్పృహ తప్పిన మనిషిని నిటారుగా లాగలేం, గుంత మూతిలో అడ్డంపడి ఇరుక్కుంటాడు. పైన కాపలా మనిషికి ఇంకో పని చెప్పకూడదు. లోపలివాడు పడిపోతే వించ్ తిప్పాలి, 108కి ఫోన్ చెయ్యాలి, తను దిగకూడదు. తమ్ముడే పడిపోయినా దిగకూడదు. ఇది చాలా కష్టమైన మాట, అందుకే ముందురోజే చెప్పి వాడితో ఒప్పించాలి.

హోస్ట్: మేస్త్రీ తెచ్చిన రోజుకూలీలకి పరిహారం ఎట్లా?

అతిథి: మేస్త్రీ తెచ్చినా బాధ్యత అసలు యజమానిదే. తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు. ఈఎస్‌ఐ బీమాలో ఉన్నవాళ్ళ లెక్క వేరే. లేనివాళ్ళకి ప్రాణం పోతే నెల జీతంలో సగాన్ని వయసుని బట్టి ఉండే గుణకంతో లెక్కిస్తారు. ముప్పై ఏళ్ళకి గుణకం 207.98. జీతం 15,000 అని రికార్డు ఉంటే 15,59,850 రూపాయలు. అదే మనిషికి రిజిస్టర్లో 9,000 అని రాసుంటే 9,35,910. ఆరు లక్షల పైన తేడా, ఒక్క గీతతో ఒక కుటుంబం పోగొట్టుకుంటుంది. ఇక పేరే లేకుండా దించిన మనిషైతే, ఆ రోజు అక్కడ పనిలో ఉన్నాడని నిరూపించడానికే ఆ ఇంటివాళ్ళు తిరగాల్సొస్తుంది.

హోస్ట్: అంటే దిగకముందే రాయాలి.

అతిథి: మస్టర్లో పేరు, కూలి తెల్లారగానే రాయాలి, సాయంత్రం కాదు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన కొత్త వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి, నలభై దాటినవాళ్ళకి ఏడాదికోసారి ఉచిత వైద్య పరీక్ష చేయించాలి. గుంత దగ్గర అనుమతి కాగితం ఒకటి తగిలించండి. దిగే మనిషి పేరు, మూడు చోట్లా మీటరు చూపిన అంకెలు, కాపలా మనిషి పేరు, దిగిన టైము దాన్లో ఉండాలి. ఆ అనుమతి ఆ ఒక్క షిఫ్టుకే. టీ తాగొచ్చి మళ్ళీ దిగుతామంటే గ్యాసు మళ్ళీ చూడాల్సిందే. దిగిన ప్రతి పేరుకీ ఎదురుగా బయటికొచ్చిన టైము పడేదాకా ఆ మూత వెయ్యబాకండి.