గాలం ఆటలో లెక్కలు, రుతువులు

శ్రోతలకు నమస్కారం. పిల్లలు కంప్యూటర్ తెర మీద నీళ్లలో గాలం వేసి బెండు వంకే చూస్తూ కూర్చుంటే, ‘అందులో ఏముందిరా?’ అని పెద్దవాళ్లు విసుక్కుంటారు. చాలానే ఉంది. కాకపోతే ఒక నోటుపుస్తకం, పెన్సిలు చేతికిచ్చి కాసేపు పక్కన కూర్చోవాలి.

దిమ్మెలతో సొంత లోకం కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ అనే ఆటనే తీసుకుందాం. నేను చెప్పే అంకెలు కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్‌వి. మూడు పుల్లలు, రెండు దారాలు కలిపితే గాలం తయారు. నీళ్లలో వేశాక 5 నుంచి 30 సెకన్ల దాకా ఆగాలి. ఆ తర్వాత బుడగల బారు ఒకటి బెండు వైపు వస్తుంది. కొత్తగా ఆడేవాళ్లు ఎక్కువగా ఇక్కడే తొందరపడతారు. బుడగలు కనబడగానే లాగేస్తే ఉత్త గాలమే వస్తుంది. బెండు బుడుంగున మునిగినప్పుడే లాగాలి. ఆలస్యమైతే చేప తప్పించుకుంటుంది, మళ్లీ మొదటినుంచీ ఎదురుచూడాలి.

ఎంతసేపు ఆగాలన్నది చోటును బట్టి మారుతుంది. పైన ఆకాశం కనబడకుండా కప్పు ఉంటే ఆ సమయం దాదాపు రెట్టింపవుతుంది. వాన పడుతుంటే తగ్గుతుంది. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పేయకండి. ఆటలోనే ఒకే కొలతతో రెండు నీటి గుంటలు తవ్వించి, ఒకదానికి కప్పు వేయించండి. ఒక్కోచోట 20 సార్లు పట్టి, ప్రతిసారీ ఎన్ని సెకన్లు పట్టిందో రాయమనండి. మూడు నాలుగు సార్లతో సరిపెడితే ఏమీ తేలదు. ఒకసారి 6 సెకన్లకే పడుతుంది, ఇంకోసారి 28 సెకన్లు పడుతుంది. మధ్యలో వాన మొదలైతే ఆ లెక్కలు పక్కన పెట్టించాలి. ఎందుకని అడగండి. కప్పుతో పాటు వాన కూడా మారింది కాబట్టి, తేడా దేనివల్ల వచ్చిందో చెప్పలేమని పిల్లలే గ్రహిస్తారు. బడిలో సైన్సు ప్రయోగానికి కావలసిన క్రమశిక్షణ ఇదే.

ఇక అసలు లెక్క. మంత్రశక్తులేవీ చేర్చని మామూలు గాలానికి నూటికి 85 సార్లు చేప, 10 సార్లు చెత్త, 5 సార్లు నిధి పడతాయి. నిధి కావాలంటే బెండు చుట్టూ నీళ్లు విశాలంగా ఉండాలి, చిన్న గుంటలో అది దొరకదు. పడిన చేపల్లో నూటికి 60 కాడ్, 25 సాల్మన్, 13 పఫర్, మిగిలిన 2 ట్రాపికల్ చేపలు. మరి ట్రాపికల్ చేప ఎన్నిసార్లకు ఒకటి పడాలి? 85లో 2 శాతం 1.7. అంటే సగటున 59 సార్లకు ఒకటి. 59 సార్లు వేసినా పడకపోతే, ‘ఈసారి పడి తీరుతుంది’ అంటారు పిల్లలు. పడి తీరాలనేం లేదు. వందమంది పిల్లలు తలా 59 సార్లు వేస్తే, దాదాపు 36 మందికి ఒక్కటీ దక్కదు. కిందటిసారి ఏం పడిందో ఆట గుర్తుపెట్టుకోదు. సంభావ్యతలో పెద్దవాళ్లే తడబడే చోటు ఇది. పిల్లలకు గాలంతో అర్థమవుతుంది.

నింటెండో స్విచ్ అనే ఆటల యంత్రంలో ఆడే యానిమల్ క్రాసింగ్ న్యూ హొరైజన్స్‌లో పాఠం వేరు. ఆ ఆట అసలు గడియారాన్ని, క్యాలెండర్‌నే అనుసరిస్తుంది. సాల్మన్ సెప్టెంబర్‌లోనే, అదీ నది సముద్రంలో కలిసేచోటే పడుతుంది. హైదరాబాద్‌లో ఉత్తరార్ధగోళం ఎంచుకున్న అమ్మాయికి సెప్టెంబర్‌లో పడే చేప, సిడ్నీలో దక్షిణార్ధగోళం ఎంచుకున్న బాబాయి కొడుక్కి మార్చిలో పడుతుంది. ఇద్దరూ ఆన్‌లైన్‌లో కలిసి ఆడితే భూగోళం పుస్తకం తెరవకుండానే రుతువులు తెలిసొస్తాయి.

నది మొగలోనే ఎందుకని పిల్లలు అడిగితే మన పులస గురించి చెప్పండి. సముద్రంలో ఉండే చేప వరదల కాలంలో గోదావరికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వస్తుంది. సాల్మన్‌దీ అదే దారి.

ఈ రెండు ఆటల్లోనూ లేనిది ఒకటుంది. ఎంత పట్టినా చేపలు తరగవు. ఆ లోటు పెద్దవాళ్లే పూరించాలి. ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేటకు విరామం. అది చేపలు గుడ్లు పెట్టే కాలం. తల్లిచేపను అప్పుడే పట్టేస్తే మరుసటి ఏడాది వలలో ఏం పడుతుంది? ఈ ప్రశ్న వేసి, జవాబు పిల్లలనే చెప్పనివ్వండి.

చివరగా ఒక జాగ్రత్త. చేపల బొమ్మలతోనే డబ్బు పందేల ఆటలూ ఉన్నాయి. నాణేలు కొని, చేపల మీద కాల్చి, గెలిస్తే డబ్బు ఇస్తామంటాయి. డబ్బు పెట్టి ఆడే ఇలాంటి ఆన్‌లైన్ ఆటలను మన దేశంలో 2025 నాటి చట్టం నిషేధించింది. వాటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: ‘డబ్బు జమ చేయండి’, ‘డబ్బు వెనక్కి తీసుకోండి’ అనే మీటలుంటే ఆ ఆట వెంటనే తీసేయండి. మామూలు ఆటల్లోనూ కొనుగోళ్లు ఉంటాయి కాబట్టి, పిల్లల చేతికి ఫోన్ ఇచ్చేముందే వాటికి పాస్‌వర్డ్ పెట్టి, ముక్కూమొహం తెలియనివాళ్లతో చాట్ పనిచేయకుండా ఆపేయండి.